అటకలో నీళ్ళు పైకప్పు నుంచి రావడం లేదు

ప్రశ్న: మాది చలి ఎక్కువగా ఉండే చోట వాలు కప్పు ఇల్లు. ఇంట్లో వేడి నిలవాలని కిందటేడు సీలింగ్ మీద మందంగా ఇన్సులేషన్ పరిపించాం. ఈ చలికాలం సూట్‌కేసుల కోసం అటక ఎక్కితే గుండె జారిపోయింది. మేకుల మొనలకు నీటి చుక్కలు వేలాడుతున్నాయి. వాసాల మీద నల్ల మచ్చలు. అట్టపెట్టెలు మెత్తబడిపోయాయి. ఒక పెట్టెలో మా అమ్మ రాసిన ఉత్తరాలు, పాత ఫొటో ఆల్బమ్ ఉన్నాయి. కప్పు పనివాళ్ళను రెండుసార్లు పిలిచాం, పెంకులు మార్చారు, అయినా చుక్కలు ఆగలేదు. చూరు దగ్గరి కంతలు మూసేయమని ఒకరు, ఇన్సులేషన్ పైన ప్లాస్టిక్ షీటు కప్పమని ఒకరు, తేమ లాగే మెషీన్ కొనమని ఇంకొకరు చెబుతున్నారు. మా అత్తగారికి ఆయాసం ఉంది. రాత్రిళ్ళు ఇదే టెన్షన్. ఏది ముందు చేయాలి?

సమాధానం: మీకు చెప్పిన ఆ మూడు పనుల్లో ఏదీ ఇప్పుడే చేయకండి. చూరు కంతలు మూయడం, పైన ప్లాస్టిక్ కప్పడం, ఈ రెండూ జబ్బును ముదరబెడతాయి. అటకలో మెషీన్ పెడితే హాని లేదు గానీ డబ్బు దండగ. ఎందుకో కింద చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి ఇల్లు ఇప్పటికిప్పుడు ప్రమాదంలో లేదు. చెక్క కుళ్ళాలంటే నెలల తరబడి నానుతూ ఉండాలి. మీరు మొదటి చలికాలంలోనే చూశారు కాబట్టి చేతిలో సమయం ఉంది. ఈ రాత్రికి నిద్రపోండి.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది: కిందటేడు ఇన్సులేషన్ పరిపించాం అన్నారు. అంతకుముందు ఇంట్లోని వేడి కొంత సీలింగ్ దాటి అటకలోకి పోయేది. మీకు అది నష్టమే, కానీ ఆ వేడి వాసాలను కాస్త వెచ్చగా ఉంచేది. ఇప్పుడు వేడి కిందే ఆగిపోతోంది, అటక దాదాపు బయటంత చల్లగా మారింది. ఇంట్లోని తేమ మాత్రం మునుపటి దారుల్లోనే పైకి వెళ్తోంది. మునుపు వెచ్చని చెక్కకు తగిలి ఆవిరిగానే బయటికి పోయిన తేమ ఇప్పుడు చల్లని చెక్కకు తగిలి నీరవుతోంది. ఇన్సులేషన్ వేయించడం తప్పు కాదు, మంచి పనే. దానితోపాటు చేయాల్సిన సగం పని మిగిలిపోయింది, అంతే. పెంకులు ఎన్నిసార్లు మార్చినా చుక్కలు ఆగకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ నీళ్ళు మీ ఇంట్లోంచే పైకి వెళ్తున్నాయి.

లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 10 డిగ్రీలకు అది 9 గ్రాములకు పడిపోతుంది. సున్నా దగ్గర 5 గ్రాములు కూడా మోయలేదు. మీ హాలు 20 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం అనుకుందాం. అంటే ప్రతి ఘనపు మీటరులో పది గ్రాముల పైచిలుకు నీరు ఉంది. అలాంటి గాలి 12 డిగ్రీలకు తగ్గిన ఏ వస్తువుకు తగిలినా చెమ్మ పట్టడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమర్చడం చూస్తుంటాం కదా, అదే సంగతి. ఇక ఆ గాలి రెండు డిగ్రీల అటకలోకి చేరిందంటే అందులోని నీటిలో సగం దాకా ఎక్కడో ఒకచోట దిగిపోవాల్సిందే. అన్నిటికంటే చల్లగా ఉండేది మేకు మొన. మేకు ఇనుము, దాని రెండో కొస బయటి చలికి దగ్గరగా ఉంటుంది. అందుకే తొలి చుక్క అక్కడ వేలాడుతుంది.

మనం "మంచు కురిసింది" అంటాం. తెల్లారి గడ్డి మీద కనిపించే ఆ తడి నిజానికి పైనుంచి కురవదు, చుట్టూ ఉన్న గాలిలోంచే వచ్చి చల్లబడిన ఆకుకు పడుతుంది. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు రాత్రుళ్ళు తోటలో ఉన్ని పోచలను ఆరుబయట ఉంచి, అవి ఎంత తడి పీల్చాయో తూచి, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల మీది వస్తువులు తమ వేడిని పైకి పారేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడతాయని 1814లో ప్రచురించాడు. మీ ఇంటి కప్పుకూ అదే జరుగుతుంది. మబ్బు లేని చలి రాత్రి పెంకులు బయటి గాలికంటే కూడా చల్లబడతాయి. కాబట్టి వాన పడ్డ రోజు కాకుండా, నక్షత్రాలు తేటగా కనిపించే రాత్రి తర్వాత అటక ఎక్కువ తడిగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కప్పు పనివాళ్ళు నీరు కారే చోటు కోసం వెతికారు. అక్కడ వెతకాల్సింది అది కాదు.

అయినా కప్పు కారడం లేదని మీరే ఒకసారి తేల్చుకోవాలి. రెండూ కలిసి ఉండే ఇళ్ళు కూడా ఉంటాయి. కారే నీరు ఒకచోటు పట్టుకుని ఉంటుంది: పొగగొట్టం చుట్టూ, కప్పులోంచి గొట్టం బయటికి వెళ్ళే చోట, రెండు వాలులు కలిసే మూలలో. మరక చుట్టూ గోధుమరంగు అంచు ఉంటుంది. వాన పడ్డ కొన్ని గంటల్లో పెరుగుతుంది. నీరు వాసం వెంట జారుతూ వచ్చి దూరంగా చుక్కగా పడొచ్చు కాబట్టి తడి ఉన్న చోటే కంత ఉందనుకోకూడదు, టార్చి వేసి పైకి వెతుక్కుంటూ పోవాలి. లోపలి చెమ్మ తీరు వేరు. అది పరుచుకుని ఉంటుంది. చాలా మేకులకు ఒకేసారి చుక్కలు, ఎండ తగలని వైపు వాలు మీద ఎక్కువ, అటక మూతకు పైన ఎక్కువ, స్నానాల గదికి పైన ఎక్కువ. మేకు చుట్టూ చెక్క మీద చిన్న తుప్పు వలయం ఉంటే ఇది ఒకరోజు వ్యవహారం కాదని అర్థం. బాగా చలి ఉన్న చోట ఆవిరి మేకుల మీద మంచుగా గడ్డకట్టి, మధ్యాహ్నం కప్పు ఎండకు వెచ్చబడగానే ఒక్కసారిగా కరిగి జల్లుగా పడుతుంది. చూసినవాళ్ళెవరైనా కప్పు కారుతోందనే అనుకుంటారు. బయట మాత్రం వాన చుక్క ఉండదు.

ఒక పెన్సిల్ తీసుకెళ్ళి ప్రతి మరక చుట్టూ గీత గీసి పక్కన తేదీ వేయండి. వాన తర్వాత ఒకసారి, వాన లేని చలి రాత్రి మర్నాడు ఒకసారి చూడండి. మరక దేని తర్వాత గీతను దాటిందో అదే మీకు జవాబు. గాలిలో తేమ శాతం చూపే చిన్న మీటర్లు రెండు కొనండి, ఒకటి అటకలో, ఒకటి ఇంట్లో పెట్టండి. మీ మొత్తం ఖర్చులో అంత చవకగా అంత ఉపయోగపడే వస్తువు ఇంకొకటి ఉండదు. చెక్కలో తేమ కొలిచే మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే రెండు మూడు వాసాలకు గుచ్చి చూడండి. 20 శాతం లోపు ఉంటే కుళ్ళు భయం లేదు. అంతకు మించి వారాల తరబడి అక్కడే నిలిస్తే వడ్రంగిని పిలిచి చూపించాలి.

ఇక ఆ నీళ్ళు ఇంట్లో ఎక్కడ పుడుతున్నాయి? నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానాలు, వంట, ఉతుకులు అన్నీ కలిపి రోజుకు పది లీటర్ల దాకా నీరు గాలిలో కలవడం మామూలే. ఒక విడత ఉతికిన బట్టలు గదిలో ఆరేస్తే రెండు లీటర్ల దాకా పోతుంది. బట్ట ఆరింది అంటే నీరు మాయమైందని కాదు కదా, గాలిలోకి వెళ్ళింది. పొగగొట్టం లేని గ్యాస్ హీటరు గాని, కిరోసిన్ హీటరు గాని వాడుతుంటే దాన్ని ముందు ఆపండి. గ్యాస్ మండితే నీరు పుడుతుంది, ఒక కిలో గ్యాస్‌కు కిలోన్నర పైనే. లీటరు కిరోసిన్‌కు సుమారు లీటరు నీరు. అది కాక మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కూడా. ఆయాసం ఉన్న పెద్దావిడ ఉన్న ఇంట్లో అది అసలే వద్దు.

ఈ నీటిని పుట్టకుండా ఆపలేం, ఊపిరి తీయడం మానలేం. కానీ దాన్ని పుట్టినచోటే బయటికి పంపవచ్చు. స్నానం చేసేటప్పుడు తలుపు మూసి ఫ్యాను వేయండి, స్నానం అయ్యాక మరో పదిహేను, ఇరవై నిమిషాలు తిరగనివ్వండి. ఉడికే గిన్నెకు మూత పెట్టండి, పొయ్యి మీది ఫ్యాను వేయండి. బట్టలు లోపలే ఆరేయక తప్పదంటే ఒక గదిలో, తలుపు మూసి, కిటికీ కాస్త తీసి ఆరేయండి. మీకు కొనమని చెప్పిన తేమ లాగే మెషీన్‌కు కూడా సరైన చోటు ఆ గదే, అటక కాదు. చలికాలంలో ఇంట్లో మీటరు 40 నుంచి 50 శాతం మధ్య తిరుగుతుంటే బాగున్నట్టు. ఎప్పుడూ 60 దాటుతుంటే పైన మీరేం చేసినా ఫలితం సగమే.

ఇక్కడ ఫ్యాను గురించి గట్టిగా చెప్పాలి. మేము ఇల్లు మారిన కొత్తలో స్నానాల గది ఫ్యాను వేయగానే అద్దం మీది ఆవిరి చకచకా పోయేది. బాగా పనిచేస్తోందని సంతోషించాం. రెండో చలికాలం అటక ఎక్కితే ఆ గొట్టం కొస ఇన్సులేషన్ మీద పడి ఉంది. బిగించిన మనిషి దాన్ని కప్పు బయటిదాకా తీసుకెళ్ళలేదు. రెండేళ్ళపాటు నలుగురి స్నానాల ఆవిరిని మేమే కరెంటు పెట్టి అటకలోకి ఎక్కించాం. దానిపైన ఉన్న చెక్క పలక నల్లగా మారి, వేలితో నొక్కితే మెత్తగా తగిలింది. ఆ చల్లదనం ఇప్పటికీ వేలికి గుర్తుంది. అందుకే ఎవరు రాసినా నేను మొదట అడిగేది ఇదే: మీ ఫ్యాను గొట్టం ఎక్కడ తేలుతోంది? పైకెక్కి మీ కళ్ళతో చూడండి. అది కప్పులోంచి గాని, గోడలోంచి గాని పూర్తిగా బయటికి వెళ్ళాలి. చూరు కింది జాలీ దగ్గర వదిలేస్తే కూడా లాభం లేదు, ఆ ఆవిరి మళ్ళీ అటకలోకే పీల్చుకుపోతుంది. చల్లని అటకలో నడిచే గొట్టం లోపల కూడా చెమర్చుతుంది కాబట్టి దానికి ఇన్సులేషన్ తొడగాలి, గోడలోంచి వెళ్ళేదైతే బయటివైపుకు కొంచెం వాలు ఇవ్వాలి. లేకపోతే నీరు వెనక్కి వచ్చి ఫ్యానులో పడుతుంది. బట్టలు ఆరబెట్టే మెషీన్ గొట్టానికీ ఇదే మాట. ఫ్యాను నిజంగా గాలి లాగుతోందా అన్నది తేల్చుకోవడానికి ఒక పలుచని టిష్యూ కాగితం జాలీకి ఆనించి వదలండి. అతుక్కుని నిలవాలి. జారిపడితే దుమ్ము తుడవండి, అప్పటికీ పడితే ఫ్యాను మార్చండి.

తర్వాత సీలింగ్‌లోని కంతలు. అసలు మందు ఇక్కడే ఉంది. చాలామంది ఆవిరి సీలింగ్ పలకలోంచి ఊరుతూ పైకి పోతుందనుకుంటారు. అలా కూడా కొంత పోతుంది. కానీ సందుల్లోంచి గాలితోపాటు కొట్టుకుపోయే ఆవిరి దానికి ఎన్నో రెట్లు. వెచ్చని గాలి పైకి లేస్తుంది, ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది, కింద చల్లగాలి లోపలికి వస్తుంటే పైన వెచ్చని తేమ గాలి దొరికిన ప్రతి కంతలోంచీ అటకలోకి తోసుకుపోతుంది. ఇన్సులేషన్‌గా పరిచే గాజు ఉన్ని (గ్లాస్ వూల్) దాన్ని ఆపలేదు, గాలి అందులోంచి వడగట్టుకుని పోతుంది. పాత ఇన్సులేషన్‌ను పక్కకు తీస్తే కొన్నిచోట్ల అడుగున మురికి చారలు కనిపిస్తాయి. అక్కడ గాలి దూసుకుపోతోందని అవే చెబుతాయి, ఇంతకాలం వడగట్టిన దుమ్ము అది.

అన్నిటికంటే పెద్ద కంత అటక మూతే. చలి బాగా ఉన్న రోజు మూత అంచు వెంబడి కింది నుంచే ఒక అగరుబత్తి నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ పైకి లాగబడితే అక్కడ ఆవిరి పోతోంది. మూత చుట్టూ మెత్తని రబ్బరు పట్టీ అతికించి, గట్టిగా బిగిసేలా రెండు గడియలు పెట్టించండి. మూత వీపు మీద కూడా ఇన్సులేషన్ అంటించండి. ఒక గంట పని, ఫలితం మాత్రం మొదటి వారంలోనే మీటరులో కనిపిస్తుంది. ఆ తర్వాత నీళ్ళ గొట్టాలు, వైర్లు సీలింగ్ దాటే చోట్లు, లోపలి గోడల తలలు, సీలింగ్‌లో దిగ్గొట్టిన లైట్లు. చిన్న సందులకు సీలెంట్ (సందులు పూడ్చే జిగురు), పెద్దవాటికి ఫోమ్ (ఉబ్బి గట్టిపడే నురుగు). రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. పొగగొట్టం చుట్టూ మామూలు ఫోమ్ కొట్టకండి, అక్కడ మంటకు తట్టుకునే సామానే వాడాలి. సీలింగ్ లైట్ల మీద ఇన్సులేషన్ నేరుగా కప్పకండి, వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాటికోసం తయారయ్యే మూతలు ఉంటాయి, అవి పెట్టవచ్చో లేదో ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాలి.

అటకలో నీళ్ళ ట్యాంకు ఉంటే దానికి బిగువైన మూత ఉందో లేదో చూడండి. చల్లటి గొట్టాలకు తొడుగు వేయించండి.

ఇప్పుడు చూరు సంగతి. మీకు చెప్పిన మూడు సలహాల్లో నాకు నిజంగా భయం వేసింది ఆ కంతలు మూయమన్నదే. అవి పొరపాటున మిగిలిపోయిన సందులు కావు, కప్పు కట్టినవాళ్ళు కావాలని వదిలినవి. కింద చూరు దగ్గర గాలి దూరి, పైన కప్పు వెన్ను (వాలులు కలిసే పై అంచు) దగ్గరో ఎదుటి చూరు దగ్గరో బయటికి పోతుంది. కింది నుంచి ఎంత జాగ్రత్తపడ్డా కొంత తేమ పైకి చేరుతూనే ఉంటుంది, దాన్ని ఊడ్చుకుపోయేది ఆ గాలే. "బయట అంత తడిగా ఉంటే ఆ గాలి లోపలికి వచ్చి ఆరబెడుతుందా?" అని అడుగుతారు. ఆరబెడుతుంది. బయట 5 డిగ్రీలు, తేమ 90 శాతం అనుకోండి. వినడానికి తడిగా ఉంది, కానీ ఆ గాలిలో ఉన్న నీరు ఘనపు మీటరుకు ఆరు గ్రాములే. మీ హాల్లో గాలికి పది. ఆరు గ్రాముల గాలి వచ్చి పది గ్రాముల గాలిని బయటికి నెట్టితే మీకు లాభమే. అది కాస్త వెచ్చబడిందంటే ఇంకా నీటిని తాగగలదు.

ఇన్సులేషన్ వేసినవాళ్ళు సాధారణంగా చేసే పొరపాటు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఉన్నిని చివరిదాకా కుక్కేసి చూరు కంతలను లోపలి నుంచి మూసేస్తారు. పగటిపూట టార్చి ఆర్పేసి అటక అంచుల వైపు చూడండి. చూరు వెంబడి సన్నని వెలుగు గీత కనిపించాలి. కనిపించకపోతే నూటికి తొంభై పాళ్ళు ఉన్నే అడ్డం ఉన్నట్టు. దాన్ని కొంచెం వెనక్కి లాగి, కప్పు అడుగుకూ ఇన్సులేషన్‌కూ మధ్య కనీసం 50 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా చేయాలి. ఉన్ని మళ్ళీ జారకుండా వాసాల మధ్య పెట్టే గట్టి పలకల్లాంటివి దొరుకుతాయి. అయితే గోడ తలను మరీ ఖాళీగా వదిలేయకండి, అక్కడ సీలింగ్ మూల చల్లబడి కింది గదిలో బూజు పడుతుంది. మొత్తం మీద ఎంత కంత కావాలి అంటే, అటక నేల వైశాల్యంలో 300వ వంతు, సగం కింద, సగం పైన అనేది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. 90 చదరపు మీటర్ల అటకకు ముప్పై సెంటీమీటర్ల చదరాలు మూడు కలిపినదానికంటే కాస్త ఎక్కువ. జాలీ తీగలు కొంత అడ్డుపడతాయి కాబట్టి కాస్త ఎక్కువే ఉంచాలి. మీ ఊళ్ళో కట్టడాల నియమం ఇంకోలా చెబితే దాన్నే పాటించండి.

వరస మాత్రం మార్చకండి. ముందు సీలింగ్ కంతలు, తర్వాత చూరు గాలి. సీలింగ్ కంతలు అలాగే ఉంచి పైన గాలి దారులు పెంచితే, కొన్ని ఇళ్ళలో ఆ గాలి ఇంట్లోని వెచ్చని తేమ గాలిని ఇంకా ఎక్కువగా పైకి లాగుతుంది. అటకలో కరెంటు ఫ్యాను బిగించమని ఎవరైనా అంటే వద్దనడానికి కూడా కారణం ఇదే. ప్లాస్టిక్ షీటు విషయానికొస్తే, చలి ప్రాంతాల్లో ఆవిరిని అడ్డే పొర ఇన్సులేషన్‌కు కింద, వెచ్చని వైపు ఉండాలి. పైన కప్పితే ఆవిరి ఉన్ని దాటి వచ్చి ఆ చల్లని షీటు అడుగున నీరుగా మారి, మీరు డబ్బు పెట్టి పరిపించిన ఇన్సులేషన్‌నే తడుపుతుంది. అటకలో తేమ లాగే మెషీన్ అంటే బయటి ప్రపంచాన్ని ఆరబెట్టడానికి పూనుకోవడమే. చూరులోంచి కొత్త గాలి వస్తూనే ఉంటుంది, చాలా మెషీన్లు ఆ చలిలో సరిగ్గా పనికూడా చేయవు. పెంకుల అడుగున ఫోమ్ కొట్టేస్తే అన్నీ తీరిపోతాయని చెప్పేవాళ్ళు మీ తలుపు కూడా తడతారు. ఉన్న తడిని ఫోమ్ వెనక మూసేస్తే వాసాలు ఎలా ఉన్నాయో చూసే వీలు కూడా పోతుంది. అలాంటి పని చేయించాలంటే ముందు చెక్క పూర్తిగా ఆరాలి, కప్పు పని బాగా తెలిసి, ఆ ఫోమ్ అమ్మకంతో సంబంధం లేని మనిషి వచ్చి చూడాలి.

అత్తగారి గురించి. బూజు రేణువులు ఆయాసం ఉన్నవాళ్ళను బాగా ఇబ్బంది పెడతాయి. అటకలో బూజు అటకలోనే ఉన్నంతవరకు ఆమెకు చేరేది తక్కువే. గాలి ఎక్కువగా కింది నుంచి పైకే పోతుంది. ప్రమాదం మీరు శుభ్రం చేసే రోజు. ఆ రోజు ఆవిడ వేరే ఇంట్లో ఉండేలా చూడండి. తడి ఆగకముందే బూజు తుడవడం శ్రమ దండగ, నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. ముందు పైన చెప్పిన పనులు కానివ్వండి, చెక్క ఆరనివ్వండి. అప్పుడు ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకుని, సబ్బు నీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. పొడిగా గీకకండి, చీపురు వేయకండి, రేణువులు లేస్తాయి. బ్లీచింగ్ ద్రావణం చెక్క లోపలికి దిగదు, రంగు మాత్రమే తెల్లబరుస్తుంది. దాన్ని అమోనియా గాని, ఆమ్లం గాని ఉన్న క్లీనర్లతో కలిపితే విషవాయువు పుడుతుంది, అటక లాంటి ఇరుకు చోట అది మరీ అపాయం. మచ్చలు ఒక చదరపు మీటరు కంటే ఎక్కువ మేర ఉంటే పనివాళ్ళకే అప్పగించండి. తుడిచాక కూడా చెక్క మీద నలుపు నీడ మిగలొచ్చు. పొడిగా ఉండి, పెరగకుండా ఉంటే దాని గురించి బెంగ అక్కర్లేదు.

పైకెక్కేటప్పుడు దూలాల మీదే కాలు వేయండి. మధ్యలో కాలు పెడితే సీలింగ్ పగిలి కింది గదిలో పడతారు. ఇల్లు బాగా పాతదై, ఇన్సులేషన్ మిలమిల మెరిసే గులకరాళ్ళలా ఉంటే దాన్ని కదపకుండా దిగి వచ్చేయండి. వర్మిక్యులైట్ అనే ఆ రకంలో కొన్నిటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ కలిసి ఉంటుంది, పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి.

ఇది చదివే వేరేవాళ్ళకు ఒక్క మాట. మీది ఉక్కపోత చోటు, ఏసీ గొట్టాలు అటకలో నడుస్తున్నాయి అంటే మీ కథ తలకిందులు. అక్కడ తేమ బయటి నుంచి వస్తుంది, చల్లని గొట్టం చెమర్చుతుంది. గొట్టాల కీళ్ళ దగ్గర చల్లగాలి కారకుండా మూయించి, తొడుగు చిరిగిన చోట్ల కొత్తది వేయించండి. ఈ ఉత్తరానికి ఇచ్చిన జవాబును అలాగే పట్టుకుపోయి ఆ ఇంటికి పెట్టకండి.

మీకు ఈ వారం పని: ఫ్యాను గొట్టం చూడటం, అటక మూతకు పట్టీ వేయడం, మీటర్లు పెట్టడం. మూడూ మీరే చేసుకోగలరు. వచ్చే రెండు మూడు వారాల్లో కంతలు మూయించి, చూరు దగ్గర ఉన్ని సర్దించండి. ఒక చలికాలంలో అటక ఎండుగా మారిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇప్పటికే చెక్క తాగిన నీరు బయటికి రావాలి, ఎండలు వచ్చాక అది త్వరపడుతుంది. బాగా చలేసిన ఉదయం రెండు మూడు మేకులకు చుక్క కనిపించి మధ్యాహ్నానికి ఆరిపోతే కంగారు పడకండి. మచ్చ పెన్సిల్ గీత దాటకుండా ఉంటే పని జరుగుతున్నట్టే.

అమ్మగారి ఉత్తరాల పెట్టెను మాత్రం ఇవాళే దించండి, మిగతా అన్నిటికంటే ముందు. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయర్ పట్టకండి, కాగితం వంకర్లు పోతుంది, సిరా వెలిసిపోతుంది. గాలి ఆడే గదిలో, అచ్చు లేని తెల్ల కాగితాల మీద విడివిడిగా పరచండి. దూరంగా ఫ్యాను తిరగనివ్వండి, నేరుగా వాటి మీదికి కాదు. అతుక్కున్న పేజీలను, ఆల్బమ్‌లో అంటుకున్న ఫొటోలను లాగకండి. ఒక్కరోజులో అన్నీ ఆరబెట్టలేకపోతే మిగిలినవాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజరులో పెట్టండి. పాత పత్రాలను కాపాడే నిపుణులు కూడా తడిసిన కాగితాలకు ఇదే చేస్తారు. గడ్డకట్టిన దానిలో బూజు పెరగదు, కాసిన్ని కాసిన్నిగా తీసి తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. పూర్తిగా ఆరాక ఆరుబయట, మాస్కు పెట్టుకుని, మెత్తని కుంచెతో బూజు దులపండి. తర్వాత ప్రతి ఉత్తరానికీ ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. పెట్టెను మళ్ళీ అటక మీదికి పంపకండి. మీరు పడుకునే గదిలోని బీరువాలో, గోడకు ఆనకుండా, వాటికి ఒక అర ఇవ్వండి.